పంటి నొప్పి వెనుక దాగిన వ్యాధి: మన్యంలో దంతవైద్యుడు నేర్వవలసిన పాఠం

పంటి నొప్పి అనగానే మన ఇళ్ళలో చేయి పోపులపెట్టె వైపు సాగుతుంది. లవంగాన్ని నలిపి నొప్పి ఉన్న పంటి మీద అదిమి పెట్టడం, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం, వాచిన చెంపకు మంచుముక్క ఆనించడం – ఇవి ప్రతి గృహిణికీ తెలిసిన ఉపాయాలే. వీటితో చాలామందికి ఆ పూట గడుస్తుంది. మరునాడు దంతవైద్యుని దగ్గరకు వెళితే ఆయన పుచ్చు పూడ్చడమో, పన్ను తీయడమో చేస్తాడు. ఈ మార్గమంతా ఒక నమ్మకం మీద నడుస్తున్నది: నొప్పి పంటిలో ఉన్నది, కనుక చికిత్స పంటికే. ఈ నమ్మకం తప్పయ్యే రోగులు కొందరున్నారు. వారికి పుచ్చు అన్నది లేకుండానే దవడ నొప్పి రావచ్చు. మేలు చేస్తుందని మనం పెట్టిన మంచుముక్కే వారికి కీడు చేయవచ్చు. పన్ను పీకడంకన్నా, పీకే ముందు మంచినీళ్ళైనా తాగకుండా నాలుగు గంటలు బల్ల మీద కూర్చోవడం వారికి ఎక్కువ ప్రమాదం.

అటువంటి రోగులు మన రాష్ట్రంలో కనిపించే తావులలో ముఖ్యమైనది తూర్పు కనుమల మన్యం. అరకు లోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి – 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన ఈ కొండసీమలోని గిరిజన కుటుంబాలలో వంశపారంపర్యంగా సంక్రమించే ఒక రక్తవ్యాధి ఉన్నది. వైద్యులు దానిని సికిల్ సెల్ ఎనీమియా అంటారు. తెలుగులో కొడవలి కణ వ్యాధి అని వ్రాస్తున్నారు. ఆ వ్యాధి ఉన్నవారి నోటిని గురించీ, ఆ నోటిని చూడవలసిన దంతవైద్యుని తీర్చిదిద్దడం గురించీ ఈ వ్యాసం.

మన్యం ముఖం ఎన్నడూ చూడని పాఠకులు కూడా చివరి వరకు చదవాలని మనవి. మూర్ఛవ్యాధికి మందులు వాడుతున్న పిల్లవాడు, గుండె కవాటం మార్పించుకున్న తాతగారు, బుద్ధిమాంద్యంతో పుట్టిన మేనకోడలు – ఇటువంటివారు మన బంధువర్గంలో ఒకరో ఇద్దరో ఉండనే ఉంటారు. వారి పంటికి చికిత్స చేసేవానికీ దాదాపు ఇదే పాఠం కావాలి.

మొదటి రోగి ఒక దంతవైద్య విద్యార్థి

ఈ వ్యాధి చరిత్రలో ఒక విచిత్రమున్నది. పాశ్చాత్య వైద్య గ్రంథాలకెక్కిన మొదటి సికిల్ సెల్ రోగి దంతవైద్యం చదువుతున్న యువకుడు. అతని పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ సముద్రంలోని గ్రెనడా ద్వీపం నుండి దంతవైద్యం అభ్యసించడానికి 1904లో అమెరికాలోని చికాగో నగరానికి వచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులోనే జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. అతని నెత్తురును సూక్ష్మదర్శిని కింద చూసిన యువవైద్యుడు ఎర్నెస్ట్ ఐరన్స్‌కు గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణాల నడుమ కొడవలి వలె వంగిన కణాలు కనిపించాయి. ఆయన పై వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతిని ప్రకటించాడు. నోయెల్ చదువు ముగించుకుని స్వదేశం చేరి, అక్కడ దంతవైద్యునిగా పనిచేసి, 1916లో 32వ ఏట న్యుమోనియాతో మరణించాడు. దంతవైద్యులకూ ఈ వ్యాధికీ అంత పాత చుట్టరికమున్నా, దంతవైద్య విద్యలో దీనికి దక్కిన చోటు మాత్రం స్వల్పమే.

వ్యాధి స్వభావం క్లుప్తంగా చెబుతాను. ఎర్రకణాలలో ప్రాణవాయువును మోసే పదార్థం హిమోగ్లోబిన్. దాని నిర్మాణంలో ఒక్క చోట ఒక అమైనో ఆమ్లానికి బదులు మరొకటి చేరడం వలన, ప్రాణవాయువు తగ్గినపుడు ఆ పదార్థం లోపల గట్టి దారాలవలె పేనుకుంటుంది. కణం కొడవలిగా వంగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోటికి నెత్తురు అందదు. అప్పుడు పుట్టే నొప్పి ఎముకలు పిండినట్లుంటుందని రోగులు చెబుతారు. శరీరంలో నీరు తగ్గడం, చలి, జ్వరం, ఇన్ఫెక్షన్, అతిశ్రమ, భయాందోళనలు – ఇవి ఆ నొప్పిని రప్పించే కారణాలు. ఈ కారణాలను పాఠకులు గుర్తుంచుకోవాలి. దంతవైద్యుని గదిలో ఇవన్నీ ఒకేసారి ఎదురయ్యే అవకాశమున్నది.

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి – రెండు లోపపు జన్యువులూ చేరితేనే వ్యాధి. ఒకటే ఉంటే వాహకుడు. అతడు మామూలుగా ఆరోగ్యవంతుడే. వాహకులైన ఇద్దరు పెళ్ళాడితే, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వాహకులకు మలేరియా తీవ్రరూపం నుండి కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త 1954లో నిరూపించాడు. మలేరియా తరతరాలుగా పీడించిన అడవులలోనే ఈ జన్యువు నిలిచి ఉండడానికి కారణమిదే. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. చలిజ్వరాలకు పేరుపడ్డ మన విశాఖ మన్యంలోనూ ఇది ఉండడంలో ఆశ్చర్యం లేదు.

పాలిపోయిన ముఖం, పచ్చబారిన కళ్ళు చూసి దీనిని పాండురోగమనో, కామెర్లనో అనుకుని లోహభస్మం, మండూరభస్మం ఇచ్చేవారున్నారు. ఇది ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనత కాదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకున్నవారి ఒంటిలో ఇనుము ఇప్పటికే ఎక్కువై ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా ఇనుము కలిసిన ఏ మందూ ఇవ్వకూడదు. వైద్యులిచ్చే హైడ్రాక్సీయూరియా మందును మాని ఆకుపసరులకు మళ్ళడం అంతకన్నా ప్రమాదం.

నోటిలో కనిపించేవి, కనిపించనివి

ఈ వ్యాధి ఉన్నవారి చిగుళ్ళు, అంగిలి పాలిపోయి, ఒక్కొక్కప్పుడు పసుపురంగు ఆవరించి ఉంటాయి. పిల్లలలో పళ్ళు ఆలస్యంగా రావచ్చు. నెత్తురు చాలక మూలుగ అధికంగా పనిచేయడం వలన పై దవడ ఎముక పెరిగి ముందు పళ్ళు ఎత్తుగా కనిపించవచ్చు. ఇవి కంటికి తెలిసేవి.

అసలు చిక్కు కంటికి తెలియనివాటితోనే. పంటి లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. దానికి నెత్తురు వేరు కొసనున్న సన్నని రంధ్రం గుండా చేరుతుంది. కొడవలి కణాలు అక్కడ అడ్డుపడితే పుచ్చు లేని, దెబ్బ తగలని పన్ను లోపల చచ్చిపోతుంది. దవడ ఎముకలోనే నెత్తురు ఆగితే దవడంతా పంటి నొప్పి వలెనే నొప్పి పెడుతుంది. కింది దవడలోని నరం దెబ్బతింటే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. ఆ చచ్చిన ఎముకలో సూక్ష్మక్రిములు చేరితే చీము పట్టి మానడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక పన్నెండేళ్ళ గిరిజన బాలుడు ఆశ్రమ పాఠశాల నుండి దవడ పట్టుకుని వచ్చాడనుకుందాం. ఈ సంగతులు తెలియని దంతవైద్యుడు ఏ పంటి మీద తట్టినా వాడు అబ్బా అంటాడు. మత్తుసూది ఇచ్చి ఒక దవడపన్ను తీస్తాడు. నొప్పి తగ్గదు. వారం తరువాత పక్కది తీస్తాడు. ఆరోగ్యమైన శాశ్వత దంతాలు రెండు పోయినా, దవడలో ఇరుకున్న నెత్తురు అలాగే ఉంటుంది. తెలిసిన వైద్యుడైతే ముందు చల్లదనంతో ప్రతి పంటినీ పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, పుచ్చుగానీ చీముగానీ లేదని తేలితే పట్టకారు పక్కన పెట్టి, ‘నీకు కాళ్ళూ చేతులూ కూడా ఇలా నొప్పిపుడతాయా? ఇంటిలో ఇంకెవరికైనా ఉన్నదా?’ అని అడుగుతాడు. ఆ రెండు ప్రశ్నలు అడగడం అలవాటైతే ఎన్నో పళ్ళు నిలుస్తాయి.

నొప్పి నిజంగా పుచ్చు వలననే వస్తే అప్పుడు నిర్లక్ష్యం ఇంకా ప్రమాదం. మామూలు పిల్లవానికి పుచ్చుపంటి చీము చెంపవాపుతో పోవచ్చు. సికిల్ సెల్ ఉన్నవారికి ప్లీహం దెబ్బతిని క్రిములను ఎదిరించే శక్తి సన్నగిల్లుతుంది. చిన్న చీముపొక్కు జ్వరంగా, జ్వరం శరీరమంతటి నొప్పిగా మారి, ఆసుపత్రి మంచం దాకా తీసుకుపోవచ్చు. అందుచేత ఈ పిల్లల పళ్ళు పుచ్చకుండా కాపాడడం వారి ప్రాణరక్షణలో భాగమే. చోడి అంబలి, సామ అన్నం తిన్న కొండపిల్లల చేతికి వారపు సంతలో బిస్కట్ పొట్లాలు, చాక్లెట్లు సులభంగా చేరుతున్న ఈ కాలంలో ఆ పని మరింత కష్టమైంది.

నోరు తెరిపించిన దంతవైద్యుడు తల్లి అంగిటిని కూడా ఒకసారి చూడడం మంచిది. చుట్ట నిప్పున్న కొనను నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరకోస్తా స్త్రీలలో చాలాకాలంగా ఉన్నది. అంగిటి క్యాన్సరుకు అది కారణమని విశాఖపట్నం వైద్యులు 1950ల నాటి నుండే వ్రాస్తూ వచ్చారు. ఇది సికిల్ సెల్ సంగతి కాదు గానీ, కొండ దిగి వచ్చిన మనిషి మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పలేము.

పుస్తకంలోని నియమం, కొండ మీది బ్రతుకు

సికిల్ సెల్ రోగులకు దంతచికిత్స ఎలా చేయాలో గ్రంథాలు చక్కగానే చెబుతాయి. నొప్పి దశలో ఉన్నపుడు అత్యవసరమైతే తప్ప పళ్ళ పని పెట్టుకోకూడదు. రోగికి చికిత్స చేస్తున్న వైద్యునితో ముందుగా మాట్లాడాలి. హైడ్రాక్సీయూరియా వాడేవారికి తెల్లకణాలు తగ్గి ఉండవచ్చు, నోటిలో పుళ్ళు రావచ్చు. కనుక ఇటీవలి రక్తపరీక్ష చూడాలి. పన్ను తీయడం వంటి పనులకు స్థానికంగా మత్తుసూది ఇవ్వడమే మేలు. ఒళ్ళంతా మత్తు తప్పనిసరైతే పూర్తి సదుపాయాలున్న ఆసుపత్రిలో, మత్తు వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. యాంటీబయోటిక్ అవసరమా అన్నది వైద్యులిద్దరూ కలసి నిర్ణయించాలి. రోగిని ఉదయం పూట పిలవాలి, ఒక్కొక్కసారి కొద్దిసేపే పని చేయాలి, పలుమార్లు రప్పించాలి.

ఈ చివరి నియమాలు నగరానికి సరిపోతాయి. మన్యంలో అవి ఎదురు తిరుగుతాయి. డిసెంబరు, జనవరి నెలలలో లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాలలో తెల్లవారుజాము చలి ఎముకలు కొరుకుతుంది. ఉదయం తొమ్మిదికి ఆసుపత్రిలో ఉండాలంటే మారుమూల గూడెం నుండి చీకటితోనే మంచులో బయలుదేరాలి. చలి తగలరాదని ఒక నియమం, ఉదయమే రమ్మని మరొక నియమం – రెండింటినీ ఒకే రోగి ఎలా పాటించాలి? ఇక్కడ ఎండ ఎక్కిన తరువాత, పది పదకొండు గంటలకు పిలవడమే సరి. గది వెచ్చగా ఉండాలి. రోగికి దుప్పటి కప్పాలి. పంకా కట్టేయాలి.

పలుమార్లు రప్పించడం కూడా ఇటువంటిదే. రోడ్డు లేని గూడెం నుండి నడిచో, నడవలేకపోతే డోలీలోనో దిగి, జీపో ఆటోనో పట్టుకుని వచ్చిన కుటుంబం ఒక రోజు కూలి వదులుకుని వస్తుంది. నాలుగుసార్లు రమ్మంటే రెండవసారి రాదు. పైగా ఆ నడక, దాహం, అలసట అన్నీ నొప్పిని రప్పించేవే. ఒకే రాకలో సాధ్యమైనంత పని ముగించి, నడుమ విశ్రాంతి, నీళ్ళు ఇచ్చి, అవసరమైతే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి మరునాడు మిగిలింది చేయడం కొండకు తగిన పద్ధతి అని నా అభిప్రాయం. నియమాన్ని వల్లించడం కళాశాల నేర్పుతుంది. నియమం ఎందుకు పెట్టారో తెలిసినవాడే దానిని చోటును బట్టి మార్చగలడు.

ఖాళీ కడుపుతో రమ్మనే అలవాటు మరొకటి. స్థానిక మత్తుకు ఉపవాసం అక్కరలేదు. సికిల్ సెల్ ఉన్న మనిషి దంతవైద్యుని బల్ల మీద కూర్చున్నంతసేపూ నీళ్ళసీసా చేతిలో ఉండాలి. 2020 కరోనా కాలంలో ఎన్నో ఇళ్ళకు చేరిన, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇప్పుడు కొద్ది డబ్బుకే దొరుకుతుంది. పని జరుగుతున్నంతసేపూ దానిని రోగి వేలికి ఉంచడం ఏ దంతవైద్యునికీ భారం కాదు.

ఇక భాష. మన్యంలో బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోందు మొదలైన తెగలవారున్నారు. చాలామందికి తెలుగు వస్తుంది. సంతలో, బడిలో పనికి సరిపోతుంది. కానీ కువి, ఆదివాసీ ఒడియా, గదబ వంటి భాషలు ఇంటిలో పలికే ముసలమ్మకు ‘జివ్వుమంటున్నదా, సలుపుతున్నదా, పోటు పెడుతున్నదా’ అన్న మన ప్రశ్నలోని తేడా అందకపోవచ్చు. పంటి గుజ్జు నొప్పికీ ఎముక నొప్పికీ తేడా తెలిసేది ఆ మాటలలోనే. ఆ గూడెపు ఆశా కార్యకర్తనో, చదువుకున్న కూతురినో పక్కన నిలబెట్టుకుని అడగడం వైద్యంలో భాగమేనని విద్యార్థికి చెప్పాలి.

చదువులో దీనికి చోటెంత?

దంతవైద్య పట్టానికి చదివే విద్యార్థి మూడవ సంవత్సరంలో సాధారణ వైద్యశాస్త్రం చదువుతాడు. సికిల్ సెల్ పేరు అక్కడ వింటాడు. చివరి సంవత్సరంలో శిశుదంతవైద్యంలో వికలాంగ శిశువును గురించి ఒక అధ్యాయం ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పెద్దవారి నోటిని చూసే పని మన దేశంలో వేరే శాఖగా లేదు; చాలావరకు శిశుదంతవైద్యుల మీదనే పడుతున్నది. పరీక్షకు చదివిన అధ్యాయం వేరు, వణికే చేతిని పట్టుకుని పన్ను పూడ్చిన అనుభవం వేరు.

ఇతర దేశాలలోనూ ఇది సులభంగా రాలేదు. అమెరికాలో దంతకళాశాలలకు గుర్తింపునిచ్చే సంఘం 2004లో ఒక నిబంధన చేర్చింది: ప్రత్యేక అవసరాలున్న రోగికి ఏమి చికిత్స కావాలో అంచనా వేయడం పట్టభద్రునికి రావాలి. గమనించండి, అంచనా వేస్తే చాలునన్నది; చికిత్స చేయగలగాలని అనలేదు. అంచనా వేసి మరొకరి దగ్గరకు పంపేవారే మిగిలారని విమర్శలు వచ్చిన మీదట 2019లో ఆ నిబంధనను సవరించి, చికిత్స నిర్వహించే సామర్థ్యం కూడా ఉండాలన్నారు. ఇంగ్లండులో 2008లో దీనిని ప్రత్యేక శాఖగానే గుర్తించారు. మన దగ్గర దంతవైద్య విద్యను 1948 చట్టం కింద ఏర్పడిన డెంటల్ కౌన్సిల్ చూస్తూ వచ్చింది. దాని స్థానంలో జాతీయ డెంటల్ కమిషన్‌ను నెలకొల్పడానికి 2023లో కొత్త చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళికను తిరిగి వ్రాసేటపుడు ఈ ‘అంచనా’కూ ‘నిర్వహణ’కూ ఉన్న తేడాను మనవారు గమనిస్తే మంచిది.

చట్టపరంగా చూసినా సాకు లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా, హిమోఫిలియా కూడా ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లలలో వెదకవలసిన జబ్బుల జాబితాలో దంతవ్యాధులను చేర్చింది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శాహ్‌డోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నది. పరీక్ష చేయించుకున్నవారికి వారి జన్యుస్థితి తెలిపే కార్డు ఇస్తారు. ఆ కార్డు చూపమని అడగడం దంతవైద్యునికి మొదటి పాఠం కావాలి. కార్డులో ‘వాహకుడు’ అని ఉంటే స్థానిక మత్తుతో చేసే మామూలు దంతచికిత్సకు భయపడనవసరం లేదనీ, అటువంటివానిని అకారణంగా తిప్పి పంపకూడదనీ రెండవ పాఠం.

విశాఖ పరిసరాలలో రుషికొండ వద్ద ఒకటి, సంగివలస వద్ద ఒకటి దంతవైద్య కళాశాలలున్నాయి. అక్కడి నుండి అరకుకు దాదాపు 115 కిలోమీటర్ల ఘాట్ దారి. పాడేరులో ప్రభుత్వ వైద్యకళాశాల కూడా వచ్చింది. దంతవైద్య విద్యార్థి ఇంటర్న్‌షిప్‌లో సామాజిక దంతవైద్యానికి, గ్రామీణ సేవకు కొంతకాలం ఎలాగూ కేటాయించి ఉన్నది. ఆ కాలం శిబిరంలో పళ్ళు లెక్కపెట్టి, టూత్‌పేస్టు పంచి, ఫోటో దిగి రావడంతో గడిచిపోకూడదు. పాడేరులోనో అరకులోనో వరుసగా కొన్ని వారాలుండి, రక్తవ్యాధుల వైద్యుని పక్కన కూర్చుని, ఒకే రోగిని నొప్పి దశలోనూ, తేరుకున్న తరువాతా చూసినవాడు ఆ జ్ఞానాన్ని జన్మలో మరువడు.

నన్నడిగితే, చేతిపని కన్నా ముందు మార్చవలసింది భయం. ‘మీకు రక్తజబ్బు ఉన్నది, మేము ముట్టము, పెద్దాసుపత్రికి పొండి’ అనే మాట వినని సికిల్ సెల్ కుటుంబం అరుదు. ఆ మాట చెప్పినవాడు దుర్మార్గుడు కాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. పెద్దాసుపత్రి అంటే విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రి. అంత దూరం వెళ్ళలేని కుటుంబం గూడేనికి తిరిగిపోతుంది. పన్ను పుచ్చుతూనే ఉంటుంది. సికిల్ సెల్ రక్తం గడ్డకట్టని జబ్బు కాదనీ, పన్ను తీస్తే ఆగకుండా నెత్తురు కారేది హిమోఫిలియాలోననీ తెలియక రెండింటినీ ఒకే గాటన కట్టేవారున్నారు.

వాగ్భటుడు చూపిన విచక్షణ

రోగిని బట్టి నోటి చికిత్స మార్చాలనే ఆలోచన మనకు పరాయిది కాదు. అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యులు దంతధావనానికి జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది వంటి చెట్ల పుల్లలు చెప్పి, పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి కొన లావు ఉండాలని, చిగుళ్ళు నొవ్వకుండా తోముకోవాలని విధించారు. (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు, స్కేలు మీది అంగుళం కాదు.) ఆ వెంటనే, పుల్ల వేయరానివారిని కూడా లెక్కపెట్టారు: అజీర్ణం, వాంతి, ఉబ్బసం, దగ్గు, జ్వరం, ముఖపక్షవాతం, దప్పిక, నోటిపూత, గుండె, కన్ను, తల, చెవి రోగాలు ఉన్నవారు. ఐదేళ్ళ లోపు పిల్లలకు కవలం, అనగా ఔషధద్రవం పుక్కిట పట్టడం, నిషేధించారు. మింగడం, ఉమ్మడం సరిగా రాని మనిషి నోటిలో పుల్లగానీ నూనెగానీ పెడితే ఊపిరితిత్తులలోకి పోవచ్చునని నేటి వైద్యం చెప్పే జాగ్రత్తకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. పుక్కిలింత మంచిదని బుద్ధిమాంద్యం గల పిల్లవాని నోట నువ్వుల నూనె పోసే తల్లులు ఈ నిషేధాన్ని గుర్తించాలి.

ఇదే సందర్భంలో మరొక సంగతి. పై పన్ను పీకితే చూపు పోతుందనే భయం మన పల్లెలలోనూ, మన్యంలోనూ ఉన్నది. కదిలే పై పన్నును కూడా తీయవద్దని, అతిగా రక్తస్రావమై చూపు దెబ్బతింటుందని, ముఖపక్షవాతం వస్తుందని సుశ్రుతసంహిత హెచ్చరించింది. మత్తుసూదులు, నెత్తురు ఆపే సాధనాలు లేని కాలపు హెచ్చరిక అది. కంటి నరానికీ పై పంటికీ సంబంధం లేదు. నేడు సరైన చేతిలో పై పన్ను తీయించుకోవడానికి జంకనవసరం లేదు.

ఇంటిలో చేయదగినవి

సికిల్ సెల్ ఉన్నవారికి పన్ను నొప్పి వస్తే చెంపకు మంచుముక్క పెట్టవద్దు. చల్లదనం రక్తనాళాలను ముడిచి నొప్పిని పెంచవచ్చు. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించవచ్చు. అది ఎవరికైనా పనికి వస్తుంది. ఉమ్మడం వచ్చి ఉండాలి, అంతే. లవంగనూనె అచ్చంగా రాస్తే చిగురు కాలుతుంది. ఒక చుక్క నూనెను అరచెంచా కొబ్బరినూనెలో కలిపి, దూదిపింజతో పంటి గుంటలో మాత్రమే అద్దాలి. చిన్నపిల్లలకు అదీ వద్దు. ఆస్పిరిన్ బిళ్ళను నలిపి పంటి పక్కన పెట్టే అలవాటును ఇంటి నుండి పూర్తిగా తొలగించండి. పిల్లలకు ఆ మందు ఏ రూపంలోనూ ఇవ్వకూడదు. మన్యంలో కొందరికి జి6పిడి అనే ఎంజైము లోపం కూడా ఉంటుంది. వారికి సరిపడని మందులు అనేకం కనుక, నొప్పి బిళ్ళ ఏదైనా వైద్యుని అడిగిన తరువాతనే. నీళ్ళు మాత్రం ఆపకుండా తాగించాలి.

101 డిగ్రీలు మించిన జ్వరం, చెంపవాపు, నోరు తెరవలేకపోవడం, కింది పెదవి మొద్దుబారడం, ఛాతీలో నొప్పి, ఆయాసం – వీటిలో ఏ ఒకటి కనిపించినా గృహవైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలలో జ్వరాన్ని తెల్లవారేదాకా చూద్దామని ఊరుకోరాదు.

చేతులు వణికేవారికి, వేళ్ళు ముడుచుకోలేనివారికి బ్రష్ కాడ లావుగా ఉండాలి. దానికి పాత సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగినా, గుడ్డ చుట్టి దారంతో కట్టినా చాలు. తోమనివ్వని పసివానికి ఇద్దరు పెద్దలు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, బిడ్డను ఒడిలో వెల్లకిల పడుకోబెట్టి, ఒకరు చేతులు పట్టుకుంటే మరొకరు తోమవచ్చు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడే పిల్లలలో చిగుళ్ళు పళ్ళ మీదికి పెరుగుతాయి. అందుకు భయపడి మందు ఆపకూడదు. రోజూ రెండుపూటలా శ్రద్ధగా తోమితే ఆ పెరుగుదల చాలావరకు అదుపులో ఉంటుంది. రోజూ తీయని సిరపు మందులు తాగే పిల్లలకు, తాగిన వెంటనే మంచినీళ్ళు తాగించాలి. రాత్రి మందు పళ్ళు తోమక ముందే ఇవ్వాలి.

దంతవైద్యుని దగ్గరకు వెళ్ళేటపుడు ఒక తెల్లకాగితం మీద ఈ సంగతులు వ్రాసి పట్టుకువెళ్ళండి: ఉన్న వ్యాధి పేరు, వాడుతున్న మందులు, పడని మందులు, కిందటిసారి నొప్పి దశ ఎప్పుడు వచ్చినది, రక్తం ఎక్కించినది ఎప్పుడు, చూస్తున్న వైద్యుని ఫోను నెంబరు. కార్డు ఉంటే దాని నకలు జతచేయండి. విశాఖలోనో విజయనగరంలోనో మీ ఇంటి దగ్గరి వసతిగృహంలో ఉండి చదువుకునే గిరిజన విద్యార్థికి ఇటువంటి కాగితం వ్రాసి పెట్టేవారు ఉండకపోవచ్చు. అది పావుగంట పని. పనికి ముందు రోజు రాత్రి నుండే నీళ్ళు ఎక్కువగా తాగాలి. స్వెట్టరు వెంట ఉండాలి.